ఇసుక మీద ఆట: మయామీ నుంచి సీషెల్స్ దాకా



కిందటేడాది సావనీరులో సేఫ్టీ హెల్మెట్ గురించి రాశాను. ఈసారి ఆట గురించి రాస్తానంటే కమిటీలో ఒక పెద్దాయన నవ్వారు. "కూలి డబ్బులు రాక జనం ఏడుస్తుంటే నీకు ఆటలేంటయ్యా" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. కానీ ఈ ఆట కథ చివరికి మన కూలి దగ్గరికే వచ్చి ఆగుతుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

2025 మే నెల. వర్జీనియాలో మా సైట్‌లో మధ్యాహ్నం లంచ్ టైం. మా ఫ్రేమింగ్ గ్యాంగ్‌లో ఎల్ సాల్వడార్ దేశం కార్పెంటర్ ఒకాయన ఉన్నాడు, వయసు యాభై దాటింది. లంచ్ బాక్స్ మూత కూడా తీయకుండా ఫోన్లో మునిగిపోయాడు. ఏంటా అని తొంగి చూశాను. ఇసుకలో ఫుట్‌బాల్. కాళ్లకు బూట్లు లేవు. బంతి గాల్లో ఉండగానే వెనక్కి ఎగిరి తన్నుతున్నారు. సీషెల్స్ దీవుల్లో బీచ్ సాకర్ ప్రపంచ కప్ జరుగుతోందట, వాళ్ల దేశం కూడా ఆడుతోందట. "మా వాళ్లు చేపలు పట్టేవాళ్లు" అని గర్వంగా చెప్పాడు.

ఆ ఒక్క మాటతో నాకు మా సోంపేట పక్కన బారువ తీరం గుర్తొచ్చింది. తెప్పలు లాగేసిన తర్వాత ఆ ఇసుకలోనే మేం కబడ్డీ ఆడేవాళ్లం. దుబాయిలో గడిపిన రోజులు కూడా గుర్తొచ్చాయి. ఆ రాత్రి నుంచి ఈ ఆట చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

ముందు ఆట అంటే ఏంటి

బీచ్ సాకర్‌లో జట్టుకు ఐదుగురు, అందులో ఒకడు గోల్‌కీపర్. మైదానం 35 నుంచి 37 మీటర్ల పొడవు, 26 నుంచి 28 మీటర్ల వెడల్పు. గోల్ వెడల్పు 5.5 మీటర్లు, ఎత్తు 2.2 మీటర్లు. బూట్లు వేసుకోకూడదు, ఒట్టి కాళ్లతోనే ఆడాలి. చీలమండకు పట్టీ కట్టుకోవచ్చు, కళ్లజోడు పెట్టుకోవచ్చు.

ఆట మూడు భాగాలు, ఒక్కోటి 12 నిమిషాలు. మధ్యలో 3 నిమిషాల విరామం. ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, లెక్క లేదు. డ్రా అనేది లేదు. సమానమైతే ఇంకో 3 నిమిషాలు ఆడిస్తారు, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు.

సైట్ మనిషిని కాబట్టి నా కళ్లు నేరుగా ఇసుక రూలు మీద పడ్డాయి. ఇసుక సమంగా ఉండాలి. రాళ్లు, గవ్వలు, కాళ్లకు గుచ్చుకునే వస్తువు ఏదీ ఉండకూడదు. పెద్ద పోటీలకు కనీసం 40 సెంటీమీటర్ల లోతు ఉండాలి, సన్నగా జల్లించి పోయాలి. నేను లెక్క కట్టి చూశాను. 36 మీటర్లు, 27 మీటర్లు, 40 సెంటీమీటర్ల లోతు అంటే దాదాపు 390 క్యూబిక్ మీటర్ల ఇసుక. పది క్యూబిక్ మీటర్లు పట్టే టిప్పరైతే 39 ట్రిప్పులు. గీత బయట పోయాల్సింది వేరే. టీవీలో చూసేవాడికి అది సముద్రం ఇచ్చిన ఇసుక. మనకు తెలుసు, దాన్ని ఎవడో జల్లెడ పట్టి, ఎవడో చదును చేసుంటాడు.

పుట్టింది బ్రెజిల్‌లో, రూలు పడింది అమెరికాలో

బ్రెజిల్ దేశం రియో నగరంలో కోపకబానా తీరం ఉంది. అక్కడ జనం ఎన్నో దశాబ్దాలుగా ఒట్టి కాళ్లతో ఇసుకలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. ఎవరి రూలు వాళ్లదే. మనూళ్లో ఒక్కో వీధికి ఒక్కో రకం గిల్లీదండా రూలు ఉన్నట్టే.

ఆ వీధి ఆటకు ఒకే రకం రూలు రాసింది 1992లో. ప్రయోగంగా మొదటి పోటీ పెట్టింది మన అమెరికాలోనే, లాస్ ఏంజెల్స్‌లో. మరుసటేడు 1993లో ఫ్లోరిడాలోని మయామీ బీచ్‌లో మొదటి ప్రొఫెషనల్ పోటీ జరిగింది. నాలుగు దేశాలు వచ్చాయి: అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనా, ఇటలీ. అంటే ఇప్పుడు ప్రపంచమంతా చూసే ఈ కప్పుకు పునాది పడింది, మనలో కొందరు ఇవాళ సెంట్రింగ్ కొడుతున్న ఫ్లోరిడా గడ్డ మీదే.

అప్పటి రోజులు గుర్తుచేసుకోండి. 1994లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ అమెరికాలో జరగబోతోంది. ఈ దేశానికి బేస్‌బాల్ కావాలి, బాస్కెట్‌బాల్ కావాలి, వాళ్ల ఫుట్‌బాల్ వేరే. అసలు ఫుట్‌బాల్‌కు ఇప్పుడున్న పెద్ద లీగ్ కూడా 1996 దాకా మొదలవలేదు. అలాంటి చోట ఇసుక ఆట వేరు పట్టింది. అదే 1994లో మా వర్జీనియా బీచ్‌లో కూడా ఇసుక ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి. జూన్ నెలలో పెడతారు. పిల్లలు, పెద్దలు, ఆడ, మగ అందరికీ వేర్వేరు జట్లు ఉంటాయి. రెండేళ్ల కింద మా ఇంట్లోవాళ్లను తీసుకెళ్లాను. మా పాప ఇసుక ఇల్లు కట్టుకుంటూ కూర్చుంది, నేను మాత్రం ఎండలో మూడు గంటలు నిలబడి చూశాను.

కోపకబానా పదేళ్లు

1994 ఏప్రిల్‌లో కోపకబానాలో జరిగిన పోటీని టీవీలో చూపించారు. 1995లో అక్కడే మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఎనిమిది దేశాలు ఆడాయి. ఫైనల్‌కు ఎవరొచ్చారో తెలుసా? బ్రెజిల్, అమెరికా. స్కోరు 8-1. అమెరికాకు చావుదెబ్బే అనుకోండి. కానీ రెండో స్థానం రెండో స్థానమే. ఆ తర్వాత 2005లో ఫిఫా కప్పు మొదలైన నాటి నుంచి ఇప్పటిదాకా అమెరికా ఒక్క ఫైనల్‌కూ రాలేదు. పునాది పోసినవాడికి ఇల్లు దక్కాలని రూలేం లేదు కదా, ఆ సంగతి మనకంటే ఎవరికి తెలుసు.

1995 జట్టులో బ్రెజిల్ తరఫున జీకో ఆడాడు. అప్పటికి ఆయనకు 41 ఏళ్లు. పెద్ద ఫుట్‌బాల్ నుంచి తప్పుకున్న వీరులకు ఇసుక రెండో జన్మ ఇచ్చింది. ఈ జీకోనే తర్వాత 2014లో మన ఇండియన్ సూపర్ లీగ్‌లో గోవా జట్టుకు కోచ్‌గా వచ్చాడు.

1995 నుంచి 2004 దాకా ఏటా ఒకటి చొప్పున పది పోటీలు. తొమ్మిది బ్రెజిల్‌వే. మధ్యలో ఒక్క 2001లో మాత్రం పోర్చుగల్ ఎగరేసుకుపోయింది. ఆ రోజుల్లో ఇది కప్పు కంటే బ్రెజిల్ వాళ్ల ఇంటి పండగలా ఉండేదన్నమాట.

ఫిఫా చేతికి వచ్చాక

2005లో ఫుట్‌బాల్ పెద్ద సంస్థ ఫిఫా ఈ పోటీని చేపట్టింది. మొదటి ఫిఫా బీచ్ సాకర్ ప్రపంచ కప్ మళ్లీ కోపకబానాలోనే. అందరూ బ్రెజిల్ అనుకుంటే, ఫ్రాన్స్ కొట్టింది. ఫైనల్లో పోర్చుగల్‌తో 3-3 సమానమై పెనాల్టీల్లో గెలిచింది. ఫ్రాన్స్ కోచ్ ఎరిక్ కాంటోనా. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులకు ఆ పేరు చెప్పక్కర్లేదు.

2006 నుంచి 16 దేశాలు ఆడుతున్నాయి. ఆ ఏడు నుంచి వరసగా నాలుగు కప్పులు బ్రెజిల్‌వే. 2006, 2007 రియోలో, 2008 ఫ్రాన్స్‌లోని మార్సేలో, 2009 దుబాయిలో. కప్పు రియో దాటి బయటికి రావడం 2008లోనే మొదలు. 2009 తర్వాత ఏటా కాకుండా రెండేళ్లకోసారి పెట్టడం మొదలైంది.

ఈ కాలంలో మరచిపోలేని పేరు మాజెర్. పోర్చుగల్ ఆటగాడు, పుట్టింది ఆఫ్రికాలోని అంగోలాలో. ఫిఫా కప్పుల్లోనే 88 గోల్స్ కొట్టాడు. పుట్టిన నేల ఒకటి, పేరు తెచ్చిన నేల ఇంకొకటి. మనలాంటోడే అనుకున్నాను.

దుబాయి, 2009 నవంబర్

ఇక్కడ కాస్త నా సంగతి చెప్పాలి. సివిల్ డిప్లొమా అయిన వెంటనే, 21 ఏళ్ల వయసులో నేను దుబాయి వెళ్లాను. సోనాపూర్ లేబర్ క్యాంపులో గది. చేతిలో డిప్లొమా ఉంది కాబట్టి నాకు టైంకీపర్ పని ఇచ్చారు. ఎవడు వచ్చాడు, ఎవడు రాలేదు, ఎన్ని గంటలు చేశాడు, మస్టర్‌లో రాయడమే నా పని.

ఆ నవంబర్ 16 నుంచి 22 దాకా దుబాయి తీరంలో ప్రపంచ కప్ జరిగింది. ఫైనల్ 22వ తేదీ, ఆదివారం. అప్పట్లో అక్కడ ఆదివారం అంటే పని రోజు. మేం ఎవరం స్టేడియం మొహం చూడలేదు. రాత్రి క్యాంపులో మలయాళీ తమ్ముళ్ల టీవీ ముందు గుమిగూడి ముక్కలు చూశాం. బ్రెజిల్ 10, స్విట్జర్లాండ్ 5. సముద్రమే లేని స్విట్జర్లాండ్ ఫైనల్‌కు రావడమేంటని మాకు ఆశ్చర్యం. ఆ జట్టులో డెయాన్ స్టాంకోవిచ్ అనేవాడు ఆ కప్పులో 16 గోల్స్ కొట్టాడు.

ఆ ఊపు మా క్యాంపుకూ అంటుకుంది. క్యాంపు వెనక ఖాళీ స్థలం ఉండేది, అంతా ఇసుకే. మర్నాడు డ్యూటీ దిగాక మలయాళీలు, బెంగాలీలు, నేపాలీలు, మేం కలిసి ఒట్టి కాళ్లతో ఆట మొదలుపెట్టాం. మూడో రోజో నాలుగో రోజో, మా పక్క మండలం కుర్రాడు ఒకడు బంతి వెనక పరిగెత్తి ఊచ ముక్క మీద కాలు వేశాడు. ఎవరో స్టీలు కోసి పారేసిన ముక్క. పాదంలో లోతుగా దిగింది. కుట్లు పడ్డాయి, చీము పట్టింది. పదకొండు రోజులు పనిలోకి రాలేకపోయాడు.

"పనిలో తగిలిన దెబ్బ కాదు, ఆటలో తగిలింది" అంది కంపెనీ. పదకొండు రోజుల కూలి పోయింది. మందుల డబ్బు కూడా వాడిదే. మస్టర్‌లో పదకొండుసార్లు 'ఆబ్సెంట్' అని రాసిన చెయ్యి నాదే. సిక్ అని రాస్తే సగమైనా వచ్చేదేమో, అడిగి చూద్దామన్న ధైర్యం కూడా నాకు లేకపోయింది. ఉద్యోగం కొత్త, ఇంటి దగ్గర అప్పు పాతది.

అదే వారంలో ఇంకో పిడుగు. ఫైనల్ అయిన మూడు రోజులకు, నవంబర్ 25న, దుబాయి వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థ అప్పులు కట్టడానికి ఆర్నెల్లు గడువు కావాలని ప్రకటించింది. ప్రపంచమంతా కంపించింది. అప్పటికే మందగించిన పనులు ఇంకా ఆగాయి. క్రేన్లు కదలకుండా నిలబడిపోయాయి. మాకు రెండు నెలల జీతం బాకీ. ఆ కాలు దెబ్బ కుర్రాడు ఆ జీతం కోసం ఎదురుచూసి చూసి, ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు నన్నేం అనలేదు. "మస్టర్ నువ్వు రాశావు గానీ రూలు నువ్వు రాయలేదు కదన్నా" అన్నాడు. తిట్టినా ఇంత గుర్తుండేది కాదు.

జాలర్ల జట్టు

మళ్లీ కప్పు కథకు వద్దాం. 2011లో ఇటలీలోని రవెన్నాలో పోటీ. ఫైనల్లో రష్యా 12-8తో బ్రెజిల్ పీఠం కదిలించింది. ఒక్క ఆటలో ఇరవై గోల్స్! కానీ మా కార్పెంటర్‌కు ఆ కప్పు వేరే కారణంతో గుర్తు. ఎల్ సాల్వడార్ ఆ ఏడు నాలుగో స్థానానికి వచ్చింది. క్వార్టర్ ఫైనల్లో సొంతగడ్డ మీద ఆడుతున్న ఇటలీనే ఇంటికి పంపింది.

ఆ జట్టులో చాలామంది హికిలిస్కో అఖాతంలోని లా పిర్రాయా అనే చిన్న దీవి నుంచి వచ్చారు. రాత్రి వేట, పగలు ఇసుకలో ఆట. అగస్తీన్ రూయిస్, ఫ్రాంక్ వెలాస్కెస్ లాంటి ఆటగాళ్లు ఆ దేశంలో ఇంటింటా తెలిసిన పేర్లు. 1980 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం నలిపేసిన దేశం అది. ఆ కాలంలోనే లక్షల మంది అమెరికాకు తరలి వచ్చారు. ఇవాళ మన సైట్ల మీద మన పక్కన కాంక్రీటు పోస్తున్నది వాళ్లే, వాళ్ల పిల్లలే. "ఆ రోజు మేం డ్రైవాల్ పని మానేసి ఫోరెమన్ ట్రక్కు రేడియో దగ్గర కూర్చున్నాం" అని మా కార్పెంటర్ చెప్పాడు. ఫోరెమన్ కూడా సాల్వడార్ వాడే కాబట్టి సరిపోయింది.

2013లో కప్పు పసిఫిక్ మహాసముద్రం మధ్యనున్న తహితి దీవికి వెళ్లింది. రష్యా మళ్లీ గెలిచింది, స్పెయిన్ మీద 5-1. చిన్న దీవి తహితి నాలుగో స్థానానికి వచ్చింది. వాళ్లు అక్కడితో ఆగలేదు. 2015లో పోర్చుగల్‌లోని ఎస్పిన్యోలో ఫైనల్ దాకా వచ్చి పోర్చుగల్ చేతిలో 5-3తో ఓడారు. 2017లో బహామాస్‌లో మళ్లీ ఫైనల్, ఈసారి బ్రెజిల్ చేతిలో 6-0.

సముద్రం లేనివాళ్లు

2019లో కప్పు పరాగ్వేకు వెళ్లింది. ఆ దేశానికి సముద్రం లేదు. అయినా లూకే అనే ఊళ్లో ఇసుక పోసి స్టేడియం కట్టారు. దాని పేరు లోస్ పినాండి. అక్కడి గ్వారనీ భాషలో పినాండి అంటే చెప్పుల్లేని కాళ్లవాళ్లు అని అర్థం. పరాగ్వే జట్టుకూ అదే ముద్దుపేరు. ఆ కప్పు పోర్చుగల్ గెలిచింది, ఇటలీ మీద 6-4.

2021లో మాస్కోలో సొంత జనం ముందు రష్యా, జపాన్ మీద 5-2తో మూడోసారి గెలిచింది. 2022లో యుక్రెయిన్ మీద యుద్ధం తర్వాత ఫిఫా రష్యాను పక్కన పెట్టింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ దుబాయి, మళ్లీ బ్రెజిల్, ఇటలీ మీద 6-4. 2025 మేలో సీషెల్స్. ఆఫ్రికా ఖండానికి ఈ కప్పు రావడం అదే మొదలు. ఫైనల్లో బ్రెజిల్‌కు ఎదురు నిలిచింది ఎవరు? సముద్రం లేని ఇంకో దేశం, బెలారస్. 4-3తో బ్రెజిల్ గట్టెక్కింది.

ఫిఫా లెక్క ఇప్పటికి ఇదీ: 13 కప్పుల్లో బ్రెజిల్ 7, రష్యా 3, పోర్చుగల్ 2, ఫ్రాన్స్ 1.

మరి మనం?

ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పుడు బళ్లో చదువుకున్నాం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఇసుకకు కరువు లేదు. ఒట్టి కాళ్లకు అంతకంటే కరువు లేదు. అయినా మన దేశంలో ఈ ఆటకు జాతీయ పోటీ మొదలైంది 2023లోనే. గుజరాత్‌లోని సూరత్ దగ్గర డుమాస్ తీరంలో పెట్టారు, కేరళ గెలిచింది. భారత జట్టు 2007లో ఆసియా పోటీల్లో ఆడి, ఆ తర్వాత 2025లో థాయ్‌లాండ్‌లోని పటాయాలోనే మళ్లీ కనిపించింది. మధ్యలో పద్దెనిమిదేళ్లు ఖాళీ. మా శ్రీకాకుళం జాలరి కుర్రాళ్లు అదే కాలంలో వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోయారు. వాళ్ల కాళ్లల్లో బలం లేదని ఎవరైనా అనగలరా? లా పిర్రాయా కుర్రాళ్లకు దొరికిన అవకాశం వీళ్లకు దొరకలేదు, అంతే.

నేను చెప్పదలచుకున్నది

ఈ చరిత్రంతా చదివాక నా బుర్రలో నిలిచినవి గోల్స్ కాదు, ఆ రూలు పుస్తకమే. ఇసుకలో పరిగెత్తితే మనిషి త్వరగా అలసిపోతాడని 1992లోనే గుర్తించి రాశారు. అందుకే ఒక్కో భాగం 12 నిమిషాలే. అందుకే ఎన్నిసార్లైనా మనిషిని మార్చుకోవచ్చు. అందుకే ఆట మొదలుకాక ముందే ఇసుకలో గుచ్చుకునేది ఏదీ ఉండకూడదు. అలసట ఆటగాడి తప్పు అని ఎవరూ అనలేదు. అది నేల స్వభావం, ఎండ స్వభావం అని ఒప్పుకుని లెక్క వేశారు.

మన పనికీ అలాంటి రూళ్లు కొన్నిచోట్ల వచ్చాయి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఇక్కడ కాలిఫోర్నియాలో 2005 నుంచి ఎండలో పనిచేసేవాళ్లకు నీళ్లు, నీడ, విరామం ఇవ్వాలని రూలు ఉంది. అన్నిచోట్లా లేదు. మీరున్న చోట ఏముందో సంఘం వాళ్లను అడిగి తెలుసుకోండి. నేనిప్పుడు సూపర్‌వైజర్‌ని. రూలు ఉన్నా లేకపోయినా, జూలైలో మా గ్యాంగ్‌కు గంటకోసారి నీడలో కూర్చునే టైం ఇస్తాను. పై వాళ్లు అడిగితే, కింద పడ్డ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లే టైంతో పోలిస్తే ఇది తక్కువని లెక్క చూపిస్తాను.

ఇక కమిటీ ముందు నా మనవి. 2026 వేసవిలో పెద్ద ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు వేదిక అమెరికా, కెనడా, మెక్సికోలు. ఆ సందట్లో మన సంఘం కూడా ఒక ఆదివారం ఇసుక ఫుట్‌బాల్ పెడదాం. మనవాళ్లే కాదు, పక్కన పనిచేసే సాల్వడార్, గ్వాటెమాలా తమ్ముళ్లను కూడా పిలుద్దాం. ఖర్చు ఎక్కువ కాదు. బూట్లు అక్కర్లేదు, ఐదుగురు చాలు. కానీ రెండు షరతులు. ఒకటి, ముందు రోజు సాయంత్రం మనమే వెళ్లి ఇసుక కెలికి, జల్లించి, ఊచ ముక్క గానీ గాజు పెంకు గానీ లేకుండా చూడాలి. ఆ పనికి మొదట పేరు ఇస్తున్నది నేనే. రెండు, ఆటలో దెబ్బ తగిలి పనికి పోలేని మనిషికి, ఆ రోజుల కూలి సంఘం సంక్షేమ నిధి నుంచి ఇవ్వాలి. "ఆటలో తగిలింది, మాకు సంబంధం లేదు" అనే మాట మన సంఘం నోట రాకూడదు.

ఈ తీర్మానం కమిటీ ఒప్పుకుంటే దాని రిజిస్టర్ రాసే పని కూడా నాకే ఇవ్వమని కోరుతున్నాను. ఒకసారి పదకొండు రోజులు తప్పు రాశాను. ఈసారి సరిగ్గా రాస్తాను.

ఉంటాను. హైడ్రేషన్ మరవకండి, అంటే నీళ్లు తాగండి, నీడన కూర్చోండి.